కౌలు కొలువు

తెలుగులో "కొలువు" అన్న మాటకు రాజసభ అనీ అర్థం ఉంది, ఉద్యోగం అనీ అర్థం ఉంది. కొలవడమంటే సేవించడం, లెక్క చూడడం కూడా. గడచిన నెల రోజులుగా నేను చేసినది ఈ చివరి అర్థంలోని పని. 11 ఏళ్ళుగా ఒప్పందాల మీద పని చేస్తున్న నన్ను, ప్రస్తుతం పని ఇస్తున్న సంస్థవారే, "పర్మనెంటుగా చేరిపోకూడదా?" అని అడిగారు. జవాబుకు మూడు వారాల గడువు ఇచ్చారు.

నా వృత్తి టెక్నికల్ రైటింగ్. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళు దానిని ఎలా వాడుకోవాలో చెప్పే పుస్తకాలు వ్రాయడం. సాహిత్యమంటే చెవి కోసుకునే మనిషి "ఇక్కడ నొక్కండి, అక్కడ నింపండి" అని వ్రాసి బ్రతకడంలో కొంత హాస్యం ఉన్న మాట నిజమే. కాని ఈ రాతకు ఒక సుగుణం ఉంది. చదివినవాడికి పని జరగాలి. జరగకపోతే రాత తప్పిందని ఆ పూటే తెలిసిపోతుంది. కవిత్వానికి అంత కఠినమైన పరీక్ష లేదు.

ఒప్పందపు పనిలో రెండు జాతులున్నాయి. మధ్యవర్తి సంస్థ ఒకటి మనల్ని తన ఉద్యోగిగా చూపించి, అసలు సంస్థకు అప్పగించేది మొదటిది. అందులో జీతం తక్కువయినా పీఎఫ్ ఉంటుంది, పే స్లిప్పు ఉంటుంది. రెండవది నాది. నెలాఖరున నేనే ఇన్వాయిస్ పంపుతాను. వాళ్ళు 10 శాతం టీడీఎస్ కోసుకుని మిగతాది ఖాతాలో వేస్తారు. నా నెలసరి ఇన్వాయిస్ 1,40,000 రూపాయలు. చేతికి వచ్చేది 1,26,000. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. సంక్రాంతి మూడు రోజులూ నాకు పండుగే గాని, లెక్కలో అవి నష్టపు రోజులు. అప్పు కోసం బ్యాంకుకు వెళితే ముందుగా పే స్లిప్పులు అడుగుతారు. లేవంటే మూడేళ్ళ రిటర్నులు తిరగవేసి, చివరకు మన ముఖంలోకి ఒకసారి చూస్తారు.

వాళ్ళు ఇవ్వజూపినది ఏడాదికి 15 లక్షలు. సీటీసీ అనే ఆ అంకెను చూసి మురిసిపోకూడదని ఈ రంగంలో పసివాళ్ళకు కూడా తెలుసు. అందులో సంస్థ తన వంతుగా కట్టే పీఎఫ్ 90,000, గ్రాట్యుటీ పేరున పక్కన పెట్టేది సుమారు 36,000, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ 1,50,000. నా వంతు పీఎఫ్ మరో 90,000. ఇవన్నీ పోను, ఆదాయపు పన్ను మాట అటుంచితే, నెలకు చేతికి వచ్చేది రమారమి 94,000. పైకి చూస్తే నెలకు 32,000 నష్టం. మిత్రులు చాలామంది ఇక్కడే ఆగిపోయి, "పిచ్చా నీకు?" అన్నారు.

నేను ఆగలేదు. 11 ఏళ్ళంటే 132 నెలలు. పాత ఇన్వాయిస్‌లన్నీ తీసి లెక్క పెట్టాను, 118 ఉన్నాయి. అంటే 14 నెలలు పని లేకుండా గడిచాయి. వాటిలో 5 నెలలు ఒక్క 2020లోవే. ఆ ఏడు ఏప్రిల్‌లో 15 రోజుల నోటీసుతో ఒప్పందం ముగిసిందని ఒక సంస్థ నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. (వ్యాకరణ దోషం ఒకటి ఉంది అందులో. దిద్దాలనిపించింది.) ఇప్పటి నా రేటును ఆ నిష్పత్తిలో సర్దితే నెలకు సగటున 1,25,152 రూపాయలు. వాళ్ళిచ్చే 15 లక్షలను 12తో భాగిస్తే 1,25,000. తేడా 152 రూపాయలు. లెక్క వేసిన కాగితం వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. డబ్బు ఈ విషయంలో తన అభిప్రాయం చెప్పడానికి నిరాకరించిందన్నమాట.

మా అమ్మమ్మగారి ఊరు తెనాలి దగ్గర. తాతయ్య జీవితమంతా కౌలు రైతే. వరి కోయగానే మినుము, అది తీయగానే మళ్ళీ కౌలు మాట. పక్క పొలాలలో నిమ్మతోటలు ఉండేవి. తాతయ్యకు నిమ్మ అంటే ఆశ. కాని నిమ్మ మొక్క మూడో ఏటనో నాలుగో ఏటనో గాని కాపుకు రాదు; వచ్చే ఏడు ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి మొక్క ఎలా పెడతాడు? ఆయన వరి పండించడంలో ఘనుడని ఊరంతా ఒప్పుకునేది, తోట మాత్రం వేయలేదు. నా 11 ఏళ్ళను ఆ దృష్టితో చూసుకుంటే ఎన్నో పంటలు కనిపిస్తాయి, తోట కనబడదు. ఏ పుస్తకమూ రెండవ కూర్పు దాకా నా చేతిలో ఉండలేదు. ఫలానా పద్ధతి మార్చితే బాగుంటుందని నాకు తోచేటప్పటికి ఒప్పందం ముగిసేది. నా తరువాత వచ్చినవారు ఎవరో, నేను వ్రాసినది ఏమయిందో తెలియదు.

అయితే కౌలు రైతుకు ఒక స్వేచ్ఛ ఉంది, అది తాతయ్యే చెప్పేవాడు. ఆసామితో పొసగకపోతే ఉగాది వెళ్ళాక మరొక ఆసామి. నాకు కూడా అంతే. ఏటికొకసారి జరిగే మదింపు తంతు లేదు, ఎవరి మెప్పు కోసమూ రాత్రి 10 దాకా కూర్చోవలసిన అవసరం లేదు. అన్నిటికీ మించి, నెలకు 10 రోజులు నేను తెనాలిలో ఉండగలను. అమ్మ అక్కడ ఒంటరిగా ఉంటుంది. పైగదిలో నా బల్ల, కంప్యూటరు. పర్మనెంటు ఉద్యోగమైతే వారానికి మూడు రోజులు రాయదుర్గంలోని కార్యాలయానికి హాజరు కావాలి.

ఇక్కడ నాన్నగారి సంగతి చెప్పకుండా ముందుకు సాగలేను. ఆయన ఒక ప్రభుత్వ శాఖలో ఎన్.ఎం.ఆర్.గా, అంటే మస్టరు మీద రోజుకూలిగా, పని చేశారు. కుదిరినది 1989 జనవరి 18న. ఆ తేదీ మా ఇంట్లో పుట్టినరోజులకన్నా బాగా అందరికీ గుర్తు. ఎందుకంటే 1994 ఏప్రిల్‌లో 212వ నంబరు జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి వరుసగా 5 ఏళ్ళు పూర్తి చేసినవారిని క్రమబద్ధం చేయవచ్చునన్నది దాని సారాంశం. నాన్నగారికి ఆ నాటికి 5 ఏళ్ళు నిండడానికి 54 రోజులు తక్కువ. నాకప్పుడు 11 ఏళ్ళు. వీధి అరుగు మీద కూర్చుని జీవో నకలు వ్రేలు పెట్టి చదువుతున్న ఆయన రూపం ఇంకా కళ్ళలో ఉంది. తరువాత ఎన్నో అర్జీలు. 2006లో ఉమాదేవి కేసులో సర్వోన్నత న్యాయస్థానం తీర్పు వచ్చినప్పుడు మళ్ళీ కొంత ఆశ. 10 ఏళ్ళు నిండినవారిని ఒక్కసారికి మాత్రం పరిశీలించమన్నారు గాని, మంజూరైన ఖాళీ పోస్టులో పని చేసి ఉండాలన్నారు. నాన్నగారిది పోస్టే కాదు. 2009లో మరొక తీర్పు ఆ పాత గడువునే సమర్థించింది. 2011లో ఆయన పోయారు. పింఛను లేదు. అమ్మకు కుటుంబ పింఛనూ లేదు, ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య కార్డూ లేదు. పేదలకిచ్చే ఆరోగ్య కార్డుకు, ఒకే కుటుంబంగా నమోదయి ఉన్నందువల్ల, నా ఆదాయం అడ్డు.

అందుచేత "పర్మనెంటు" అన్న మాట నా చెవికి అందరికీ వినిపించినట్లు వినిపించదు. బహుశా అందుకే 11 ఏళ్ళు దాని జోలికి పోలేదేమో కూడా. అడగని వాడికి లేదనిపించుకునే బాధ ఉండదు.

ఇక ప్రైవేటు సంస్థలో శాశ్వతత్వం ఎంతటిదో భాగ్యనగరవాసులకు వేరే చెప్పనక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి ఉత్తరం బయటపడినప్పుడు, ఆ ఉదయం దాకా అందరికన్నా స్థిరమైన కొలువు తమదనుకున్న వేలమంది సాయంత్రానికి తమ జీతాల గురించి ఆరాలు తీయవలసి వచ్చింది. కొండవీటి రెడ్డిరాజుల దగ్గర విద్యాధికారిగా వెలిగిన శ్రీనాథుడికి ఆ రాజ్యం కూలాక ఎదురైన ఇక్కట్లు మనకు తెలిసినవే. పోతన కొలువే వద్దన్నాడని ఆయనను ఆదర్శంగా చూపించడం మనకు అలవాటు. కాని ఆ కథలో ఆయనకు సేద్యానికి పొలం ఉంది. నాకు లేదు. నా ఒప్పంద పత్రంలో నోటీసు గడువు 15 రోజులు, వాళ్ళ నియామక పత్రంలో 60 రోజులు. ప్రైవేటు రంగంలో శాశ్వతం అంటే అదనంగా 45 రోజులని నిర్వచించుకోవచ్చు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు స్థిరకాలపు ఉద్యోగులకు ఏడాది సేవకే గ్రాట్యుటీ హక్కు ఇచ్చాయి గాని, సంస్థ తన చేతితో నియమించుకున్నవారికే అది. నాబోటి ఇన్వాయిస్ మనుషులు ఆ లెక్కలోకి రారు.

మరొక సంగతి. 2023 తరువాత మా రంగంలో మొదటి చిత్తుప్రతి యంత్రం వ్రాస్తోంది. దానిని దిద్దడం, తప్పులు పట్టడం మా వంతు. నా రేటు మూడేళ్ళుగా పెరగలేదు. ఒప్పందాల నిడివి మాత్రం ఏడాది నుంచి ఆరు నెలలకు, ఆరు నుంచి మూడుకు దిగింది. కౌలు గడువు ఇలా కుంచించుకుపోతే ఇక వరి కూడా వేయలేము.

ఇన్ని చెప్పినా, నన్ను నిజంగా ఊగించినది ఒకే ఒక్క కాగితం. అమ్మ రక్తపరీక్ష. ఆమెకు 67 ఏళ్ళు. 20 ఏళ్ళ మధుమేహం. క్రియాటినిన్ 2.1కి చేరింది. మూత్రపిండాల వైద్యుడు భయపెట్టలేదు, కాని ఏ ఖర్చుకైనా సిద్ధంగా ఉండడం మంచిదన్నారు. బయట పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు 3 ఏళ్ళ దాకా నిరీక్షణ విధించవచ్చు. (2024కు ముందు అది 4 ఏళ్ళు.) సంస్థ బృంద బీమాలో తల్లిదండ్రులను చేర్చితే పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, 5 లక్షల వరకు. అంటే చిక్కు ఇది: అమ్మ కోసమే ఉద్యోగంలో చేరాలి, అమ్మ కోసమే చేరకూడదు. ఆసుపత్రి బిల్లు కట్టే కూతురు కావాలా, ఆసుపత్రికి తీసుకువెళ్ళే కూతురు కావాలా?

ఈ ప్రశ్నను ఇంత నాటకీయంగా కాదు గాని, అమ్మ ముందే పెట్టాను. ఆవిడ చిక్కుడుకాయలు వొలుస్తోంది.

"నెలకు పది రోజులొచ్చి పైగదిలో ఆ కంప్యూటరు ముందు కూచుంటావు. నేను కింద కూచుంటాను. అన్నానికి పిలిస్తే కాల్‌లో ఉన్నానమ్మా అంటావు. అదేదో హైదరాబాదులోనే ఉండి చేసుకో. వచ్చిన రోజున మాత్రం కిందనే ఉండు."

నేను నోరు మెదపలేదు. నా స్వేచ్ఛ ఖాతాలో నేను వేసుకున్న పెద్ద పద్దు, కింద కూర్చున్న మనిషికి అలా కనబడిందన్నమాట. కాసేపు ఆగి ఆమే అన్నది:

"మీ నాన్న ఉన్నన్నాళ్ళూ పర్మనెంటు, పర్మనెంటు అని వినడమేగాని అదెలా ఉంటుందో చూళ్ళేదే. నీకొచ్చిందంటే చూడాలని ఉంది."

మరునాడు హెచ్చార్ విభాగానికి ఉత్తరం వ్రాశాను. నెలలో రెండు వారాలు తెనాలి నుంచి పని చేసే వెసులుబాటు కావాలని, అది నియామక పత్రంలోనే ఉండాలని అడిగాను. మేనేజరు ఫోను చేసి, "అది మనం మనం చూసుకుంటాం, కాగితం మీద ఎందుకండీ?" అన్నారు. మంచి మనిషి, ఆయన మాట మీద నాకు అపనమ్మకం లేదు. అయినా ఆ కుర్చీలో రేపు ఎవరుంటారు? నాన్నగారికి "నీకెందుకు, నేను చూసుకుంటాగా" అని చెప్పిన అధికారులు ఒకరి తరువాత ఒకరు బదిలీ అయి వెళ్ళిపోయారు. నేను పట్టు విడవలేదు. నాలుగు ఉత్తరాల తరువాత, నెలకు ఒక వారం అని వ్రాసి ఇచ్చారు. దానికి బదులు వేరియబుల్‌లో 30,000 తగ్గించారు. సంతకం చేశాను.

వైద్యుడితో మాట్లాడి అమ్మ పరీక్షలన్నీ ఆ వారంలోకి మార్పించాను. నడుస్తున్న ఒప్పందానికి ఆఖరి ఇన్వాయిస్ పంపాను.

నిన్న బీమా పత్రం నింపుతున్నాను. నామీద ఆధారపడినవారి పేరు, బంధుత్వం, పుట్టిన తేదీ. అమ్మకు ఫోను చేసి తేదీ అడిగాను. "కృష్ణకు వరదొచ్చిన ఏడంటారు, ఏ వరదో మరి" అన్నది. ఆధార్‌లో జనవరి 1 అని ఉంది. అదే వ్రాశాను.