పక్కన కూర్చుంటేనే...

పొద్దున తొమ్మిదింటికి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి చూడండి. అదే మొదటి స్టేషను కాబట్టి సీటు దొరుకుతుంది. తీరిగ్గా జనాన్ని గమనించవచ్చు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసరికి బోగీ కిక్కిరిసిపోతుంది. ఎవరి చెవుల్లో చూసినా శనగగింజలంత బుడిపెలు. తీగల్లేవు. ఒకమ్మాయి తలుపు వైపు తిరిగి చేతులు ఊపుతూ ఎవరితోనో పోట్లాడుతుంటుంది. ఇరవై ఏళ్ల క్రితమైతే ‘అయ్యో పాపం, ఏమైందో’ అనుకునేవాళ్లం. ఇప్పుడు తలెత్తి చూసేవాళ్లే లేరు!

నిజానికి బ్లూటూత్ పుట్టిందే ఇందుకు... మధ్యలో తీగ లేకుండా చేయడానికి. స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌లో 1994లో ఆ పని మొదలైంది. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా ఒక జట్టుగా ఏర్పడ్డాయి. పేరు మాత్రం పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హరాల్డ్‌ది. ఆయన్ని ‘నీలి పన్ను’ రాజు అనేవారట. విడివిడిగా ఉన్నవాళ్లను కలిపినవాడు కదా, మన పరికరాలను కూడా ఇలాగే కలపాలి అంటూ 1997లో ఇంటెల్ ఇంజినీరు జిమ్ కార్డాక్ ఆ పేరు సూచించాడు. తర్వాత మంచి పేరేదైనా పెట్టుకుందాం, అప్పటిదాకా ఇది ఉండనివ్వండి అనుకున్నారు. చివరికి అదే ఖాయమైపోయింది. మన ఇళ్లలో ముద్దుపేరు బడి రిజిస్టరుకు ఎక్కేసినట్టన్నమాట.

అయితే మా దిల్‌సుఖ్‌నగర్‌కు బ్లూటూత్ చెవి దారిలో రాలేదు. పాటల దారిలో వచ్చింది.

2006... ‘పోకిరి’, ‘బొమ్మరిల్లు’ విడుదలైన ఏడాది. నల్గొండ, ఖమ్మం జిల్లాల నుంచి వచ్చిన బస్సులు ఎల్బీనగర్‌లో దింపితే పెట్టే బేడాతో దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు చేరుకునే వందల మందిలో నేనూ ఒకదాన్ని. అమ్మాయిల హాస్టల్లో గదికి ఆరుగురం. ఫోన్లో ఇంటర్నెట్ అంటే బ్యాలెన్స్ ఖాళీ అని భయం. మొబైల్ షాపులో పాటలు ఎక్కించుకోవాలంటే డబ్బులు కావాలి. బ్లూటూత్‌కు పైసా ఖర్చు లేదు. అంతస్తుకు ఇద్దరు ముగ్గురి దగ్గరే ఆ ఫోన్లుండేవి. ఒక్కరు ఊరి నుంచి కొత్త పాట తెచ్చారంటే చాలు, రాత్రి భోజనాలయ్యేలోపు మూడంతస్తులూ పాకేది.

ఆ పంపడం ఒక తతంగం. మెనూలోకి వెళ్లి బ్లూటూత్ ఆన్ చేయాలి. అందరికీ కనిపించేలా పెట్టాలి. వెతికితే పేర్ల జాబితా వస్తుంది. అందులో పది ‘నోకియా’లుంటే మనది ఏది? ‘నీ ఫోను పేరేంటి?’ అని అడగాల్సిందే. ఆ తర్వాత పాస్‌కోడ్... రెండు వైపులా ఒకే అంకెలు కొట్టాలి. ప్రపంచం మొత్తం కొట్టింది నాలుగు సున్నాలే! ఇక గీత మెల్లగా పాకుతుంది. ఒక పాటకు నిమిషం పైనే. మధ్యలో ఫోనెత్తుకుని పోతే మళ్లీ మొదటికి. పది మీటర్ల దాకా పనిచేస్తుందని ఎంత చెప్పినా రెండు ఫోన్లనూ ఒకదానికొకటి ఆనించి పెట్టేవాళ్లం, అలా అయితే తొందరగా పోతుందని. ఆ నిమిషంలో ఊరికే ఏం కూర్చుంటాం? ‘మీదే ఊరు? ఏ బ్యాచ్? మీ మెస్సులో సాంబారు ఎలా ఉంటుంది?’ పక్క గది కోదాడ అమ్మాయి నాకు అలాగే స్నేహితురాలైంది. మూడు పాటలు తీసుకునేసరికి వాళ్లక్క పెళ్లి సంబంధాల దాకా వెళ్లిపోయాం.

అంతా ముచ్చటే అనుకోకండి. 2008లో బాబాయి తన పాత నోకియా ఎన్‌70 నాకిచ్చాడు. బ్లూటూత్ ఆఫ్ చేయడం మరచి బస్సెక్కితే చాలు, ముక్కూమొహం తెలియనివాడెవడో ఏదో పంపుతున్నాడని తెర మీద పడేది. తీసుకోవాలా వద్దా? చుట్టూ చూస్తే నలభై మంది. అందులో ఎవడో ఒకడు మన మొహంలోకి చూస్తూ నవ్వుకుంటున్నాడు. ఒళ్లు మండిపోయేది. కోదాడ అమ్మాయే ఉపాయం చెప్పింది... ఫోను పేరు మార్చేయమని. ‘వైరస్ ఉంది’ అని పెట్టాను. ఆ తర్వాత ఒక్కడు కూడా పలకరించలేదు! ఆ భయం ఉత్తదేం కాదు. 2004లో ‘కబీర్’ అనే పురుగు ఇలాంటి ఫోన్లలోనే బ్లూటూత్ ద్వారా పాకింది. 2005లో హెల్సింకీలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు చూడ్డానికి వచ్చినవాళ్ల ఫోన్లకూ అంటుకుంది.

తర్వాత కథ మీకు తెలిసిందే. 2016లో జియో వచ్చాక డేటా నీళ్లప్రాయమైంది. ఎవరి పాటలు వాళ్లు వింటున్నారు, ఎవర్నీ అడగక్కర్లేదు. అదే ఏడాది ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ రంధ్రం తీసేశారు. మిగతా కంపెనీలూ ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. పాటల దారి మూసుకుపోయి చెవి దారి తెరుచుకుంది. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద దువ్వెనలు, క్లిప్పుల పక్కనే ఇయర్‌బడ్స్ కూడా కుప్ప పోసి అమ్ముతున్నారు.

వాడకం తేలికైంది కానీ తలనొప్పులు పోలేదు. మా అపార్ట్‌మెంటులో పైఫ్లాటు కుర్రాడు వినాయక చవితికి మా స్పీకరును ఒక్కసారి తన ఫోనుకు కలుపుకున్నాడు. అప్పట్నుంచీ మేం స్పీకరు ఆన్ చేసినప్పుడల్లా ముందు వాడి ఫోనుకే అతుక్కుంటుంది. అమ్మ సుప్రభాతం పెట్టబోతే వాడి రీల్స్ మోగుతాయి. ఇక అమీర్‌పేటలో రైలు మారే రద్దీలో చెవిలో పాట ముక్కలు ముక్కలవుతుందా? ఫోను ప్యాంటు జేబులో, బడ్ చెవిలో... మధ్యలో మనుషులు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు పీల్చుకుంటుంది. మన ఒళ్లు ఎక్కువ భాగం నీరే కదా! వైఫై కూడా అక్కడే తిరుగుతుంది. ఆ గుంపులో దారి వెతుక్కోవడానికి పాత తరహా బ్లూటూత్ 79 దారుల మధ్య సెకనుకు 1600 సార్లు గెంతుతుంది.

నా వరకు దీని గొప్పదనం చెవుల్లో లేదు. కొత్తది ఎంత కొత్తదైనా పాతదాని భాష మరచిపోదు, అదీ దాని గొప్ప. 2010లో తక్కువ కరెంటుతో పనిచేసే కొత్త పద్ధతి వచ్చింది. అయినా మన ఫోన్లు పాత పద్ధతిని కూడా పక్కనే ఉంచుకున్నాయి. దాని విలువ మాకు మొన్న ఇల్లు మారుతున్నప్పుడు తెలిసింది.

కొత్తపేట నుంచి ఎల్బీనగర్‌కు సామాను సర్దుతుంటే అటక మీద ఎన్‌70 దొరికింది. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ చిన్న రిపేరు కొట్టుకు తీసుకెళ్తే అతను డబ్బాలోంచి బీఎల్-5సీ బ్యాటరీ తీసి వేశాడు. రేడియోల కోసం ఇప్పటికీ అమ్ముతున్నారట. తెర వెలిగింది. రికార్డింగుల్లో ఒకే ఒక్క ఫైలు. యాభై నాలుగు సెకన్లు. 2011లో పోయిన నాయనమ్మ గొంతు! మా ఇంట్లో ఆవిడ ఫొటోలు నాలుగున్నాయి. గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు.

‘ఏం చెప్పాలె దీంట్ల? మొకం చూసి మాట్లాడినట్టు ఉంటదానే? కోళ్లు గూట్లకొచ్చినయా సూడుపో...’ అంతే. మిగతా అంతా నా నవ్వు, పెరట్లో చప్పుళ్లు.

ఆ ఫోనేమో ఐదు నిమిషాలకోసారి దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతోంది. ఫైలు మెమరీ కార్డులో లేదు, లోపల ఉంది. కేబుల్ ఎప్పుడో పోయింది. ‘స్పీకర్‌లో పెట్టి ఇంకో ఫోన్లో రికార్డ్ చేసుకోండి మేడమ్’ అన్నాడు కొట్టతను. బయట బస్సుల హారన్లు. నాకు మనసొప్పలేదు. తమ్ముడు తన ఐఫోన్ తీశాడు. అది ఇలాంటి ఫైళ్లను బ్లూటూత్‌లో తీసుకోదు. నా ఆండ్రాయిడ్‌లో వెతికితే ఒక్కొక్కటే పేర్లు వచ్చాయి. ఎవరివో ఇయర్‌బడ్స్, ఎవరిదో టీవీ, ఎవరిదో వాచీ... వాటి కింద ‘వైరస్ ఉంది’!

మొదటిసారి మధ్యలో ఆగింది. రెండోసారి రెండు ఫోన్లనూ ఆనించి పెట్టాను. కోడ్ అడిగింది. నాలుగు సున్నాలు. ఫైలు మొత్తం ఎనభై కేబీ ఉంటుందేమో, గీత కనిపించేలోపే వచ్చేసింది.

నాన్న ఆ రాత్రి సామాను మూటల మధ్య కూర్చుని ఐదారుసార్లు విన్నాడు. చివర్లో వెనక నుంచి చిన్న దగ్గు వినిపిస్తుంది. నేనసలు గమనించలేదు. ‘అది మా నాయన దగ్గు. వసారాల మంచం మీద పడుకునేటోడు’ అన్నాడు. తాత 2009లోనే పోయాడు. స్పీకర్లో పెట్టి ఎక్కించుకుని ఉంటే ఆ దగ్గు హారన్లలో కలిసిపోయేది.

సూర్యాపేటలో ఉన్న అత్తయ్యకు ఫోన్ చేసి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నాకూ పంపు బిడ్డా’ అంది. ఆవిడది బటన్ల ఫోను, వాట్సాప్ లేదు. బ్లూటూత్ ఉంది, నేనే చూశాను. వచ్చే నెల కంటి పరీక్షకు ఎల్బీనగర్ వస్తానంది. పొద్దున బస్సుకు బయల్దేరి రమ్మన్నాను.