గజ్జె కట్టిన బ్యాండు

బ్యాండంటే గిటార్లేనా అని అశోక్‌నగర్ రూములో ఓ ఫ్రెండుతో వాదన. డప్పు, గొంగడి, గజ్జెలు ఉంటే కాదా? 1970ల్లో బి. నర్సింగరావు గారి 'ఆర్ట్ లవర్స్' నుంచి ఎదిగింది జననాట్యమండలి. కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలేసి మరీ పాడాడు గద్దర్ (ఒకటో తారీఖు జీతం మెసేజి కోసం చూసే మనబోటి వాళ్ళకి మింగుడుపడదు లెండి). 1979లో 'మా భూమి'లో పాట పాడి, తెర మీదా కనిపించాడు. 2023 ఆగస్టు 6న పోయినప్పుడు టీవీల నిండా ఆయనే. సబబే. కానీ ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పాటలవి! డప్పు రమేష్, దివాకర్ కూడా ఆ దళంవాళ్ళే. మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ అయితే మృదంగం ఆయన పేరు ఆహ్వానపత్రంలో వేస్తారు. డప్పు ఆయన పేరు మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలా?