బాపు పాస్‌పోర్టు

కరీంనగర్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో టోకెన్ పట్టుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలోని తమ్ముడు మాట కలిపాడు. "అన్నా, ఏ దేశం? కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా?"

"పనికి కాదు తమ్మీ. నేను, మా ఆమె ఊకె తిరిగొద్దామని పోతున్నం. పదకొండు నెలలు."

వాడు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మరి పైసలెవరిస్తరు?"

మా ఇంట్లో కూడా అందరూ అడిగేది ఇదే. మా జగిత్యాల దిక్కు పాస్‌పోర్టు అంటే గల్ఫే. ఏజెంటు, మెడికల్, అప్పు, రెండేళ్లకోసారి సెలవు. పైసలు సంపాదించడానికి దేశం దాటాలి గానీ, సంపాదించిన పైసలు పెట్టి దాటుడేంది? మా అత్తగారిది ఆదిలాబాద్. అక్కడ ప్రశ్న వేరు. "పిల్లలెప్పుడు?" అని. విమానం టికెట్ల గురించి మాట్లాడినా చివరికి ముచ్చట అక్కడికే వస్తుంది.

ప్లాన్ మా ఆమెది. ఎక్సెల్ షీట్ నాది. ప్రపంచయాత్ర అని చెప్పుకుంటున్నాం గానీ అమెరికా ఈసారికి లేదు. ఆ వీసా ఇంటర్వ్యూ డేట్ కోసం ఎదురుచూస్తూ కూర్చునే ఓపిక ఇద్దరికీ లేదు.

ఇన్‌స్టాలో రీల్స్ చూసినంత సులువు కాదు ఇది. షెంజెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు మాత్రమే అప్లై చేయనిస్తారు, అది కూడా మనం ఉండే దేశం నుంచే. అంటే యూరప్‌ని చివర పెట్టుకుంటే దారిలో వీసా దొరకదు. కాబట్టి ముందే వెళ్లాలి. వెళ్లినా 180 రోజుల్లో 90 రోజులే. కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. తర్వాత కెన్యా, టాంజానియా. అక్కడి నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో పెట్టగలరు. ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో వేయించుకున్నాం. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. పాస్‌పోర్టు కూడా 60 పేజీలది తీసుకుంటున్నా. 36 పేజీలదానికి 1,500 రూపాయలు, దీనికి 2,000. ముద్రలకి చోటు సరిపోదేమోనన్న ధీమా చూడండి!

రిజైన్ మెయిల్ మాత్రం రెండు వారాలు డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. లేఆఫ్‌ల కాలంలో ఎవరైనా ఉన్న ఉద్యోగం వదులుకుంటారా? తిరిగొచ్చాక రెజ్యూమెలో ఆ పదకొండు నెలలకి ఏం రాస్తాను? ఆ పైసలు ఫ్లాట్ డౌన్ పేమెంట్‌కి సరిపోతాయి. ఈ విషయంలో మేమిద్దరం రెండుసార్లు గట్టిగానే కొట్లాడుకున్నాం. రెండోసారి కొట్లాడింది నిర్మల్ దాటి ఆదిలాబాద్ పోతుంటే, కారులో. "భయమైతే చెప్పు, నేనొక్కదాన్నే పోత" అంది. ఘాట్ అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ నిశ్శబ్దంలో నాకు గుర్తొచ్చింది ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, హైదరాబాద్ నుంచి నిర్మల్ మీదుగా నాగపూర్ వైపు ఇటే వెళ్లాడాయన. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఉద్యోగం. వెంట వంద మంది దాకా పరివారం, పల్లకీ మోసే బోయీలు. కాశీ చూసి 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలలు! దారిలో బియ్యం ఎక్కడ దొరికాయో, బాట ఎట్లా ఉందో కూడా రాసుకున్నాడు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. కాశీకి పోయినోడు, కాటికి పోయినోడు ఒకటే అనుకునే రోజుల్లో పోయొచ్చాడు. నేనేమో గూగుల్ మ్యాప్స్ చేతిలో పెట్టుకుని రెజ్యూమె గురించి ఏడుస్తున్నా.

మెయిల్ పంపింది మాత్రం వీరాస్వామయ్య వల్ల కాదు, బాపు వల్ల.

ఆ ఆదివారం ఊరికి పోతే, బాపు సందుగలోంచి తన పాత పాస్‌పోర్టు తీసి మా ఆమెకి చూపిస్తున్నాడు. దుబాయ్ ముద్రలు వరుసగా, రెండేళ్లకోటి. పద్నాలుగేళ్లు షట్టరింగ్ పని చేశాడక్కడ. పదో తరగతి పాస్ కాలేదు కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు.

"మామా, దుబాయ్‌ల ఏమేం చూసినవ్?" అని అడిగింది.

"బిల్డింగులు చూసిన బిడ్డా."

"లోపల ఎట్లుంటయ్?"

"కట్టేదాక లోపలనే ఉంటిమి. అద్దాలు బిగిచ్చినంక మనల్ని రానిస్తరా?"

నవ్వుతూనే అన్నాడు. క్యాంపు నుంచి సైటుకి బస్సు, సైటు నుంచి క్యాంపుకి బస్సు. శుక్రవారం బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్. అన్నేళ్లలో సముద్రం దగ్గరికి పోయింది రెండుసార్లే. చిన్నప్పుడు బాపు ఫోన్ చేస్తే నేను అడిగింది రిమోట్ కారు, చాక్లెట్లు. దుబాయ్ ఎట్లుంటదని ఒక్కసారి కూడా అడగలేదు.

మా ఆమె అక్కడే షీట్ తెరిచి మొదటి వరుసలో దుబాయ్ చేర్చింది. నాలుగు రోజులు, నలుగురం. ఆ తర్వాత అవ్వా బాపూ ఇంటికి, మేము ముందుకి.

బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నన్ను అడిగాడు. "అక్కడ దిగినంక పాస్‌పోర్టు ఎవలకియ్యాలె?"

"ఎవలకియ్యద్దు బాపూ. నీ దగ్గరనే ఉంటది."

బాపు పనిచేసినన్నాళ్లూ అది కంపెనీ బీరువాలో ఉండేది. సెలవు మంజూరైతేనే చేతికొచ్చేది. నాకా సంగతి ఆరోజే తెలిసింది. ఆ రాత్రే మెయిల్ పంపాను. నోటీస్ పీరియడ్ 90 రోజులు, ఇప్పటికి 22 అయిపోయాయి.

బాపుది ఎప్పుడో గడువు దాటింది, మళ్లీ తీయాలి. అవ్వకైతే అసలు పాస్‌పోర్టే లేదు. ఇద్దరికీ వచ్చే గురువారం కరీంనగర్‌లో స్లాట్ దొరికింది. "నాకు మల్ల గా ఈసీఆర్ ముద్రేస్తరా?" అని రెండుసార్లు అడిగాడు బాపు. యాభై దాటినోళ్లకి అది ఉండదని చెప్పాను. నమ్మలేదు, వెబ్‌సైట్ తెరిచి చూపించాక ఊరుకున్నాడు. ఫొటోలో వెనక తెల్లగా ఉంటుందని నీలం అంగీ ఇస్త్రీకి ఇచ్చాడు.

అవ్వ పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1 అని ఉంది, మా ఊళ్లో సగం మందికి ఉన్నట్టే. "నేను వానకాలంల పుట్టిన గదరా, నాట్లేస్తుంటే" అంటోంది. గురువారం కౌంటర్ దగ్గర ఆ మాట అనొద్దని ఇప్పటికి మూడుసార్లు చెప్పాం.