స్టేషన్‌లో వేసవి

లా చదివే మా మేనకోడలు ఈ వేసవిలో పోలీస్ స్టేషన్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఛేజింగులూ ఇంటరాగేషన్లూ చూస్తుందనుకున్నాం (సినిమాల పుణ్యం!). తీరా చూస్తే రిసెప్షన్‌లో కూర్చుని, వచ్చినవాళ్లకు ఫిర్యాదు రాసిపెడుతోందట. ఏడుస్తూ చెప్పేదాన్ని తేదీ, సమయం, చోటు ప్రకారం వరుసలో పెట్టడమే సగం పని అంటోంది. సైబర్ మోసమైతే ముందు 1930 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించాలి, కాగితం తర్వాత. ఆలస్యమైతే డబ్బు ఖాతాలు మారిపోతుంది.

నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఎఫ్ఐఆర్ రాయాలనీ, దాని నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలనీ 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. నకలు అడిగేవాళ్లే తక్కువట.

నన్నడిగితే లా పిల్లల్ని కోర్టు కంటే ముందు స్టేషన్‌కే పంపాలి. మా అక్క మాత్రం, "అది స్టేషన్‌కెళ్లిందని చుట్టాల దగ్గర అనకురా" అంటోంది.