భోగి నాటి వేడినీళ్లు

సికింద్రాబాద్‌లో ఎక్కిన రైలు విజయనగరం చేరేసరికి ఇంకా తెల్లారలేదు. చీపురుపల్లి దాటాక తలుపు దగ్గర నిలబడితే చలిగాలి మొహానికి కొట్టింది. శ్రీకాకుళం రోడ్ అని బోర్డుండే ఆమదాలవలసలో టీ తాగి, పలాసలో దిగి, సోంపేట బస్సెక్కాను. రోడ్డుకి రెండువైపులా జీడితోటలు, ఆ తర్వాత కొబ్బరి. ఉద్దానం వచ్చేసిందన్నమాట. మర్నాడే భోగి.

ఈసారి పండక్కి ఒక పని పెట్టుకుని వెళ్లాను. మా వెనక వసారాలో ఓ రాగి బాయిలర్ ఉంది. వయసులో నాకంటే పెద్దది. మధ్యలో గొట్టం, అందులో కొబ్బరి మట్టలు, సరుగుడు పుల్లలు వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్లు కాగుతాయి. చలికాలం మూణ్నెల్లూ అమ్మ నాలుగున్నరకి లేచి దాన్ని రాజేస్తుంది. వసారా అంతా పొగ. కళ్లు మండుతాయి, దగ్గొస్తుంది. దాన్ని తీయించి హీట్ పంప్ పెట్టించాలని నా ప్లాన్.

ఈ పిచ్చి నాకు మాంచెస్టర్‌లో పట్టింది. ఆన్‌సైట్ పని మీద ఎనిమిది నెలలున్నాను. అక్కడ చాలా ఇళ్లకి గ్యాస్ బాయిలరే దిక్కు. వేడినీళ్లు గోడలకున్న రేడియేటర్లలో తిరిగి గదులు వెచ్చబడతాయి. అది తీసేసి హీట్ పంప్ పెట్టుకుంటే ఇంగ్లండ్, వేల్స్‌లలో ప్రభుత్వం 7,500 పౌండ్లు ఇస్తోంది.

హీట్ పంప్ అంటే తిరగేసిన ఫ్రిజ్ అనుకోండి. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లకి ఇస్తుంది. కరెంటు ఖర్చయ్యేది వేడి పుట్టించడానికి కాదు, మోయడానికి. అందుకే ఒక యూనిట్ కరెంటుకి సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. బయట చలి ముదిరితే ఈ లెక్క పడిపోతుంది. అంటే అక్కడి మంచులో ఆపసోపాలు పడే మిషను మా ఊళ్లో జనవరిలోనూ హాయిగా నడుస్తుంది. కాకపోతే మనకి గదులు వెచ్చబెట్టే పనే లేదు, స్నానానికి నీళ్లుంటే చాలు.

రాత్రి భోజనాలయ్యాక ఫోన్లో లెక్క చూపించాను. 100 లీటర్ల నీళ్లని 20 డిగ్రీల నుంచి 45కి తేవడానికి మామూలు గీజరుకి మూడు యూనిట్లు కావాలి. హీట్ పంప్‌కి ఒక్కటే.

మామ్మ నవ్వింది. "గాలిలోంచి ఏడి తీస్తాదేట్రా? మరి కరెంటు పోతే ఏటి సేస్తాది? తిత్లీ తుపాను మర్సిపోనావేటి?"

మర్చిపోలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటిల్లిపాదికీ వేడినీళ్లిచ్చింది ఈ బాయిలరే.

నాన్న ఇంకో మాటన్నారు. "సముద్రం ఇక్కడికి ఎంత దూరంరా? ఉప్పుగాలికి ఫ్యాన్లే తుప్పట్టిపోతున్నాయి."

అప్పుడు లెక్క మళ్లీ వేశాను, ఈసారి నిజాయితీగా. గీజరుకి 90 రోజులకి 270 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 1,620. హీట్ పంప్‌కి 540. ఏడాదికి మిగిలేది 1,080 రూపాయలు. గీజరు కంటే ఎన్నో రెట్లు ఖరీదైన మిషను ఈ మిగులుతో ఎప్పటికి కిట్టాలి? ఏడాది పొడుగునా వేడినీళ్లు వాడే హాస్టలుకో, హోటలుకో అది బంగారం. మూణ్నెల్ల చలికాలమున్న మా ఇంటికి కాదు.

అంతసేపూ అమ్మ గిన్నెలు సర్దుతూనే ఉంది. ఆ బాయిలర్ వెలిగించేది ఆవిడే. అయినా ఆవిడని ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు. "నీకేం కావాలమ్మా?" అన్నాను చివరికి.

"ఏదైనా పర్లేదు నాన్నా. స్విచ్చేసి ఇంకో గంట పడుకుంటే చాలు."

మామూలు గీజరు ఆర్డరు పెట్టాను. బాయిలర్‌ని పాత సామాన్లకి ఇవ్వలేదు. వసారాలోంచి పెరట్లోకి, పొగ పైకి పోయే చోటికి జరిపాం. కరెంటు పోయిన రోజుకి ఉంటుంది.

తెల్లారగట్ల వీధిలో భోగి మంట వేశారు. దాని మీదే కాగిన నీళ్లతో తలంటు పోసుకున్నాం. ఆ ఒక్కరోజు నాలుగున్నరకి నేను లేచాను. అమ్మ పడుకునే ఉంది.