ఆర్తుని చెంత ఒక్కరు

శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మణే నమః.

2020లోనూ, 2021లోనూ భద్రాద్రిలో శ్రీరామనవమి కల్యాణం భక్తజనం లేకుండానే జరిగింది. మిథిలా మండపంలో జనసంద్రం నడుమ జరుగవలసిన మహోత్సవం ఆలయ ప్రాంగణంలోనే అర్చకస్వాముల చేతుల మీదుగా జరిగిపోయింది. గోదావరికి ఈవలి ఒడ్డున సారపాకలో ఉండే మాకు అది ఊహించరాని విషయం. కాగితపు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి పొందిన మా నాన్నగారు ఏటా నవమినాడు తెల్లవారకముందే లేచి, వంతెన మీదుగా నడచి ఆవలి ఒడ్డుకు చేరేవారు. 2021 ఏప్రిల్ 21న మాత్రం టీవీ ఎదుట చాప పరచుకొని, చేతులు జోడించి కూర్చున్నారు. కల్యాణం ముగిశాక ఒక్క మాట అన్నారు: "మనం వెళ్ళకపోతే స్వామికి లోటేమీ లేదురా. ఆయన పూర్ణుడు."

ఆ మాటలోని లోతు నాకు నెల తిరగకముందే తెలిసివచ్చింది.

మే 12 నుండి తెలంగాణలో లాక్‌డౌన్. ఉదయం ఆరు నుండి పది వరకే బయట తిరుగుటకు వీలు. ఆ రోజుల్లోనే నాన్నగారికి జ్వరం వచ్చి, రెండు దినాలలో శ్వాస బరువెక్కింది. నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అంబులెన్సు ఒక ఆసుపత్రికి చేర్చింది. ద్వారం వద్ద రోగిని మాత్రమే స్వీకరించి నన్ను ఆపివేశారు. వారిని నేను నిందించను. వ్యాధి అంటువ్యాధి, నేను ఇంటికి మోసుకొనిపోయే విషం మరొకరి తల్లిని బలిగొనవచ్చు. కాళ్ళకు మ్రొక్కుదామని వంగేలోపే స్ట్రెచర్ లోపలికి వెళ్ళిపోయింది. వేపచెట్టు క్రింద కూలబడి చేతిసంచి తెరచి చూస్తే అందులో ఆయన కళ్ళజోడు, చెవి మిషను ఉన్నాయి.

నాన్నగారికి పదేళ్ళుగా వినికిడి తక్కువ. మిషను లేనప్పుడు ఎదుటివారి పెదవుల కదలికను బట్టి మాట గ్రహించేవారు. లోపల అందరి ముఖాలకూ మాస్కులు. కావలివానికి చెప్పుకున్నాను, ఫోనులో చెప్పుకున్నాను. వందలాది రోగుల నడుమ ఆ మాట ఎవరి చెవినా పడలేదు.

నాలుగవనాటి సాయంకాలం విధులు ముగించుకొని వస్తున్న ఒక నర్సమ్మ నా దగ్గర ఆగింది. "సారపాక తాత కొడుకు మీరేనా సార్? తాతకు మేము అడిగేది వినబడటం లేదు. నొప్పి ఉందా అన్నా తల ఊపుతాడు, లేదా అన్నా తల ఊపుతాడు" అన్నది. నేను మాట్లాడలేక మిషను తీసి ఆమె చేతిలో పెట్టాను. మరునాడు ఆమె దానిని శుభ్రపరచి తీసుకొనిపోయి ఆయన చెవిలో అమర్చిందట. వినబడగానే ఆయన అడిగిన మొదటి మాట, "మా అబ్బాయి వచ్చాడా?" అని. "వచ్చాడు తాతా. నాలుగు దినాల నుండి గేటు కాడనే ఉన్నాడు" అని ఆమె చెప్పిందట. ఆ రాత్రి ఆయన నిద్రపోయారట. మరి రెండు దినాలకు తెల్లవారుజామున దేహం చాలించారు.

ఆ తరువాత ఒక ఆత్మీయులు నన్ను ఓదారుస్తూ, "దేవాలయానికే వెళ్ళలేని కాలమది. ఆసుపత్రిలోకి వెళ్ళలేదని ఎందుకు కుములుతావు? చివరిక్షణంలో కొడుకును చూడాలనుకోవడమూ మోహమే కదా" అన్నారు. సదుద్దేశంతో అన్నమాటే. కాని నా మనస్సు అంగీకరించలేదు. ఎందుకో చాలాకాలం ఆలోచించాను.

మొదటి సమాధానం నాన్నగారి మాటలోనే ఉన్నది. స్వామి పూర్ణుడు, మన దర్శనం వలన ఆయనకు కలిగే లాభం లేదు, లేకుంటే నష్టమూ లేదు. రోగి ఆర్తుడు. అతనికి మన సన్నిధి అలంకారం కాదు, అవసరం. చెవి మిషను ఇవ్వడానికి, బాధ ఎక్కడో చెప్పడానికి, వైద్యుని మాటను అతని భాషలోకి మార్చడానికి ఒక్క ఆత్మీయుడు కావాలి. అది చికిత్సకు బాహ్యమైనది కాదు, చికిత్సలో అంగమే.

రెండవది, మోహమన్న మాట. భాగవతంలో అజామిళుడు ప్రాణభయంతో పిలిచింది కన్నకొడుకునే. ఆ పిలుపులోని నామమే అతనిని యమభటుల నుండి కాపాడింది. గీత ఎనిమిదవ అధ్యాయం అంత్యకాల స్మరణకు ఎంత విలువనిచ్చిందో సాధకులకు తెలుసు. భయంతో, ఒంటరితనంతో కొట్టుమిట్టాడే చిత్తానికి స్మరణ ఎలా సాధ్యం? ఆత్మీయుని స్వరం వినబడినప్పుడే చాలామందికి మనస్సు కుదుటపడి భగవంతుని వైపు మళ్ళుతుంది.

మూడవది రామాయణం. దశరథుని అంత్యకాలంలో కుమారులలో ఒక్కరూ దగ్గర లేరు. రామలక్ష్మణులు అరణ్యంలో, భరతశత్రుఘ్నులు కేకయంలో. ఆ మహారాజు దేహాన్ని తైలద్రోణిలో ఉంచి భరతుని కోసం ఎదురుచూడవలసి వచ్చింది. సత్యరక్షణ కోసమే రాముడు దూరమైనాడు. అయినా ఆ ధర్మం తండ్రి దుఃఖాన్ని తుడిచివేయలేదు. ఇంతటి లోటును అనుభవించిన రాముడే జటాయువు చివరి ఘడియలో అతనిని కౌగిలించుకొని, దశరథుని వలెనే నాకు పూజ్యుడవని తలచి, తానే దహనం చేసి, గోదావరీజలాలతో తర్పణం విడిచాడు. జటాయువు నేలకొరిగిన చోటు భద్రాచలం ప్రక్కనున్న ఏటపాక అని మా ప్రాంతపు జనశ్రుతి. కన్నతండ్రికి చేయలేనిదానిని రాముడు ఒక పక్షికి చేశాడు. నా తండ్రికి నేను చేయలేనిదానిని ఒక నర్సమ్మ చేసింది.

అయితే ఆమె కరుణ వలన వ్యవస్థ బాధ్యత తీరిపోదు. ఆపత్కాలంలో ధర్మం సంకోచిస్తుందని శాంతిపర్వంలోని ఆపద్ధర్మ ప్రకరణం చెబుతుంది; లోపించవచ్చునని చెప్పదు. నా దేశపు న్యాయస్థానమూ ఇదే మార్గాన నడచిందని నాకు ఆలస్యంగా తెలిసింది. 2020 జూన్ 19న సుప్రీంకోర్టు కోవిడ్ రోగుల చికిత్సపై ఇచ్చిన ఆదేశాలలో, రోగి తరఫున ఇష్టపడి వచ్చే ఒక సహాయకుని ఆసుపత్రి ఆవరణలో ప్రత్యేకించిన చోట ఉండనివ్వాలని, బంధువులకు సమాచారమిచ్చే సహాయకేంద్రం ఉండాలని చెప్పింది. నేను వేపచెట్టు క్రింద కూర్చున్న నాటికి ఆ ఆదేశానికి పదకొండు నెలలు. ఇంగ్లండులోనైతే 2024 ఏప్రిల్ 6 నుండి ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు అసాధారణ కారణముంటే తప్ప సందర్శకులను నిరాకరించరాదన్న నిబంధన అమలులోకి వచ్చింది.

దేహాన్ని అప్పగించేనాడు కూడా ఒక విషయం తెలిసింది. 2020 మార్చి 15నాటి కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు స్నానం, ఆలింగనం వద్దన్నాయి గాని, ముఖదర్శనాన్ని, తాకకుండా చేసే పవిత్రజల ప్రోక్షణను, పారాయణను అనుమతించాయి. అక్కడి సిబ్బంది సంచిని ముఖం వరకు తెరచారు. సీసాలో తెచ్చిన గోదావరీజలాన్ని దూరం నుండే చిలకరించి, రామనామం చెప్పాను. చెవిలో మిషను అలాగే ఉన్నది.

సాధకులారా, మరల అటువంటి కాలం రాకూడదనే ప్రార్థిద్దాం. వస్తే మాత్రం ద్వారం వద్ద కలహించవద్దు, మౌనంగా వెనుదిరుగనూ వద్దు. రోగితోపాటు కళ్ళజోడు, చెవి మిషను, మాట్లాడే భాష వ్రాసిన కాగితం లోపలికి పంపండి. సహాయకునికి చోటు చూపమని వినయంగా, విడువకుండా అడగండి. ఏదీ కుదరకుంటే, బయట ఉన్నామన్న వార్తనైనా లోపలికి చేర్చమనండి. "గేటు కాడనే ఉన్నాడు" అన్న ఆ చిన్న సత్యవాక్యమే మా నాన్నగారికి ఒక రాత్రి నిద్రనిచ్చింది.

సర్వం శ్రీ సీతారామచంద్ర పరబ్రహ్మార్పణమస్తు.