గిట్టకు తగిన ఇనుము

గుంతకల్లు నుంచి బళ్లారి పోయే దారిలో ఉంది విడపనకల్లు. చుట్టూ నల్లరేగడి. పప్పుశనగ, పత్తి, మిరప పండించే నేల. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతమే కాబట్టి, వాన పడ్డాక నేలలో పదును ఆరకముందే గొర్రు కదలాలి. ఆ నాలుగు రోజుల్లో ఎద్దు కుంటితే రైతుకు ఆ కారు పోయినట్టే.

నేను వెళ్లేసరికి కొలిమిలో కమ్మరి గుంటక పాస సాగగొడుతున్నాడు. తోలుతిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది గానీ దాగలి, సమ్మెట, పట్టకారు పాతవే. ఎద్దుకు లాడాలు కొట్టే అసలు పని మాత్రం బయట వేపచెట్టు కింద జరుగుతోంది. ఎద్దు మెడకూ ఛాతీకీ నడుముకూ తాడు చుట్టి వెనక్కి గుంజితే అది మెల్లగా ఒరిగింది. నాలుగు కాళ్లూ చేర్చి కట్టేశారు. లాడాలు కొట్టే పెద్దాయన గొంతుక్కూర్చుని, పెరిగిన గిట్టను పదునైన ఉలితో చెక్కాడు. మన గోరు కత్తిరించినట్టే, నొప్పి ఉండదు.

గుర్రం డెక్క ఒక్కటే, దానికి వంపు లాడం ఒకటి చాలు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది. అడుగు వేసినప్పుడల్లా ఆ చీలికలు విడివిడిగా కదలాలి. అందుకే దేనికి దానికి వేరే రేకు, నాలుగు కాళ్లకూ కలిపి ఎనిమిది. మేకును కాస్త బయటికి వాల్చి కొడితే గిట్ట గోడలోంచి మొన పైకి వస్తుంది. దాన్ని తుంచి, మడిచి, ఆకురాయితో నున్నగా రుద్దుతారు. లోపలికి వాలిందా, ప్రాణమున్న చోట దిగి చీము పడుతుంది.

"ఎట్లా తెలుస్తుంది పెద్దాయనా?" అని అడిగాను.

"సప్పుడు ఇనాల సార్. గోరులో పోతే గట్టిగా పలుకుతాది. మెత్తగా దిగిందంటే ఎంటనే పెరికెయ్యాల."

సుత్తి చేతిలో ఉన్నా ఆయన పని చెవితోనే. బడిలో నేర్చిన విద్య కాదు ఇది. రేగడి చేలో ఎద్దుకు లాడం లేకున్నా నడుస్తుంది. బండి కట్టి తారురోడ్డెక్కితేనే గిట్ట అరుగుతుంది, అరిగిన గిట్టతో ఎద్దు కుంటుతుంది. ట్రాక్టర్లు వచ్చాక కాడెద్దులు తగ్గాయి, దాంతో ఆయన చేతికి పనీ తగ్గింది.

ఈ సీమకు విజయనగర రాజధాని హంపి దూరం కాదు. విజయనగర రాజులు పోర్చుగీసుల దగ్గర గుర్రాలు కొన్నారు. ఆ రాజ్యం సంగతులు రాసిన న్యూనిజ్ కూడా గుర్రాల వర్తకుడే. గుర్రాల కథ పుస్తకాలకెక్కింది. ఎద్దుల కాళ్లు కాపాడినవాళ్ల కథ మాత్రం మనకు పట్టలేదు.

చేతివృత్తులవారి కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అందులో కమ్మరి ఉన్నాడు, లాడాలు కొట్టేవాడు వేరే వృత్తిగా లేడు. చేర్చాలి. చెవితో పని తెలిసిన ఈ పెద్దవాళ్లు ఉండగానే, పశువైద్యశాలల్లో వాళ్ల చేత నలుగురు కుర్రాళ్లకు నేర్పించాలి.